వలసపోవు తల్లిదండ్రులు - ఊర నిలుచు బిడ్డలు

దీపావళి దాటిన పదిపదునైదు దినములకు మన పాఠశాల హాజరుపట్టీ పలుచబడ నారంభించును. సోయా, పెసలు, మినుములు అప్పటికే ఇల్లు చేరియుండును. కంది యొక్కటియే చేనిలో నిలిచియుండును. దానికి ఇంటిలోని అందరి చేతులును అక్కరలేదు. నీటివసతి చాలని మెట్టభూములు గల మన గ్రామములందు, ఆ పిమ్మట మృగశిర కార్తెవరకు ఇంటిల్లపాదికి పని దొరకుట అరుదు. కావున కొందరు హైదరాబాదునకు కట్టడపు పనులకు పోవుదురు. కొందరు పూనా, బొంబాయిలకు పోవుదురు. మరికొందరు ముకద్దమువద్ద ముందుగా అడ్వాన్సు పుచ్చుకొని చెరకు కొట్టుటకు పోవుదురు. వారి బిడ్డలలో కొందరు తల్లిదండ్రుల వెంట పోవుదురు; తక్కినవారు అవ్వతాతలకడ నిలుతురు.

పోవువారిని నిందించుటకు మేమీ వ్యాసము వ్రాయుట లేదు. అప్పు తీర్పవలెను, ఇంటికప్పు వేయింపవలెను, ఆడబిడ్డకు ఇంత బంగారము చేయింపవలెను. బ్రతుకుదెరువునకై ఊరు విడుచుట ఎవ్వరికిని సరదా కాదు. ఆ నాలుగైదు నెలలలో బిడ్డ మనస్సులో జరుగునదేమి, దానిని పెద్దలు ఏ గుర్తులనుబట్టి తెలిసికొనవలెను, పోవుటకు ముందు చేయదగిన యేర్పాటులెవ్వి అనునవే మేము చెప్పబూనిన విషయములు. చదువుకొన్న తల్లిదండ్రులు దీనిని తాము చదువుకొనుటయేగాక, చదువురాని అవ్వతాతలకు బిడ్డలచేత చదివించి వినిపింపగోరుచున్నాము. ఇందలి సగము మాటలు వారికొరకే.

వలస మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పాలమూరు కూలీలు దేశమున పెక్కు ఆనకట్టల నిర్మాణములో మట్టి మోసిన సంగతి అందరు నెరుగుదురు. ఒక గుంపునకు ఒక మేస్త్రీ, ఆ మేస్త్రీ ఇచ్చు అడ్వాన్సు, ఆ అడ్వాన్సునకు కట్టుబడి నెలల తరబడి ఊరికి దూరమగుట, ఇది తరతరముల పద్ధతి. మన బీదరు జిల్లా విషయములో మరియొక విశేషము కలదు. హైదరాబాదు రాష్ట్రములో నుండిన ఈ జిల్లా 1956 నవంబరు 1వ తేదీన మూడు ముక్కలయ్యెను. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశములోని మెదకు జిల్లాకును, ఉద్గీరు, అహమ్మదుపూరు, నీలంగ తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును పోయెను. మిగిలినది మైసూరు రాష్ట్రమున చేరెను. పటముమీది గీతలు మారినను చుట్టరికములు మారలేదు. మేనత్త జహీరాబాదున, మేనమామ ఉద్గీరున గల కుటుంబములు మనలో ఎన్నియో కలవు. అందుచే మన కూలి మూడు రాష్ట్రముల నేలమీదికి పోవును. పెద్దలకు ఇది సౌకర్యమే. కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగింటితోను బజారుపని గడుపుకొందురు. బడిపిల్లవానికి మాత్రము రాష్ట్రము మారినచో పుస్తకమే మారిపోవును. ఆ సంగతి తరువాత చెప్పుదుము.

ఈ కష్టము మన యొక్కరిదే కాదని తెలియుటకు రెండు లెక్కలు చాలును. యునెస్కో వారి 2019 సంవత్సరపు ప్రపంచ విద్యా నివేదిక ప్రకారము, 2013లో మన దేశపు పల్లెలలో ఋతువునుబట్టి వలసపోవువారున్న ఇండ్లయందు 6 మొదలు 14 ఏండ్లవరకు గల పిల్లలు 1 కోటి 7 లక్షలమంది యుండిరి. అట్టి ఇండ్లలోని 15 మొదలు 19 ఏండ్లవారిలో నూటికి 28 మంది చదువురానివారో, ప్రాథమిక విద్య ముగింపనివారో అయియుండిరి. ఆ యీడువారి నందరిని కలిపి చూచినచో ఇట్టివారు నూటికి 18 మంది. ఇక చైనా దేశములో, పల్లెలందు తల్లినో తండ్రినో ఇరువురినో విడిచియున్న పిల్లలు 6 కోట్లకు పైబడిరని 2010 జనగణన ఆధారముగా లెక్కగట్టిరి. అచ్చట అట్టివారికి ‘వెనుక నిలిచిన పిల్లలు’ అని పేరే ఏర్పడినది.

ఇక అసలు విషయము. “రెండు మూడు దినాలు ఏడ్చిండు సారూ, ఇప్పుడు నిమ్మళంగ ఉన్నడు, అలవాటయింది” అని అవ్వలు మాతో తరచుగా చెప్పుచుందురు. వారు మాకు ధైర్యము చెప్పుటకే ఆ మాట అందురు. తమకును అదియే ధైర్యము. కాని ఏడుపు మానుటయు, నిమ్మళించుటయు ఒకటి కావు. ఈ భేదమును మొదట శ్రద్ధగా గమనించినవారు ఇంగ్లండులోని కొందరు వైద్యులును, సంఘసేవకులును. రెండవ ప్రపంచయుద్ధమున ఇల్లు వాకిలి కోల్పోయిన పిల్లల స్థితినిగూర్చి ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరగా జాన్ బౌల్బీ అను వైద్యుడు 1951లో ఒక నివేదిక సమర్పించెను. శరీరపోషణకు ఆహారమెట్లో, మనస్సు పెరుగుటకు ఎడతెగని ఒక ఆప్తజనుని సాన్నిధ్యము అట్లని ఆయన అందు వాదించెను. ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో చేర్పబడిన రెండేండ్ల బాలికనుగూర్చి 1952లో ఒక చలనచిత్రము తీసెను. ఆ కాలమున అక్కడి ఆసుపత్రులలో తల్లులు బిడ్డలను చూడవచ్చుటకు మిక్కిలి కొద్ది సమయమే అనుమతించుచుండిరి.

రాబర్ట్‌సన్ గమనించిన దేమనగా, తల్లిని ఎడబాసిన పసిబిడ్డ మూడు దశలను గడచును. మొదటిది ఎదిరింపు. బిడ్డ గ్రుక్కపట్టి ఏడ్చును, వాకిలివంక చూచును, ఎత్తుకొనవచ్చినవారిని తన్నును. రెండవది నిరాశ. ఏడుపు తగ్గును, ఆట తగ్గును, ఆకలియు తగ్గును, ఒక మూల కూర్చుండును. మూడవది విముఖత. బిడ్డ మరల తినును, అందరితోను నవ్వును. కాని తల్లి వచ్చినప్పుడు పరుగెత్తి పోడు, ఎరుగనివానివలె చూచును. రెండవ దశను, మూడవ దశను చూచి దాదులు ‘బిడ్డ కుదుటపడినాడు’ అనుచుండిరట. మన అవ్వలు చెప్పు మాటయు అదియే గదా.

ఇవి రెండుమూడేండ్ల పసివారి సంగతులు. బడియీడు బిడ్డలు తల్లిని అంత త్వరగా ఎరుగనివారు కారు. అయినను మూగవోవుట వారియందును కలదు. అది పలుపలు వేషములతో బయటపడును. మొన్నటివరకు చేయెత్తి జవాబు చెప్పినవాడు తల వంచుకొని కూర్చుండును. ఒకడు బడికి వచ్చిన గడియకే కడుపునొప్పి యని ఇంటికి పోవును. ఇంటికడ నొప్పి యుండదు. ఒకడు తరగతిలో నిద్రపోవును, ఏలయన రాత్రి వానికి నిద్ర లేదు. మరియొకడు చిన్నవారిని కొట్టును. చివరివానిని అందరు గమనింతురు, దండింతురు కూడ. మొదటివానిని మాత్రము ‘బుద్ధిమంతుడైనాడు’ అని మెచ్చుకొందురు. మా అనుభవమున మొదటివానికొరకే ఎక్కువ చింతింపవలసియుండును.

విడిచి పోయినంతమాత్రమున బిడ్డ చెడునని మేము చెప్పుట లేదు. బౌల్బీ మాటలలో కొంత అతిశయము కలదని తరువాతివారు విమర్శించిరి. 1972లో మైకేల్ రట్టర్ అను వైద్యుడు ఈ విషయమునంతను తిరిగి పరిశీలించి, ఎడబాటు ఒక్కటియే హేతువు కాదనియు, ఎడబాటు కాలములో బిడ్డకు ఎట్టి సాకుడు దొరకెను, ఇంటిలో శాంతి యున్నదా కలహమున్నదా అనునవి మిక్కిలి ముఖ్యములనియు చూపెను. ఆప్తజనుడు కన్నతల్లియే కానక్కరలేదు. తండ్రి కావచ్చును, అవ్వ కావచ్చును. ఇది మనవంటివారికి ఊరట గలిగించు మాట.

సాకుడు ఎట్లుండవలెనో తెలుపునది మరియొక చలనచిత్రము. రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ కలిసి తల్లి ప్రసవమునకు ఆసుపత్రికి పోయిన ఇండ్లలోని చిన్నబిడ్డలను పరిశీలించిరి. నలుగురు బిడ్డలను జాయిస్ స్వయముగా సాకెను. పోకమునుపే బిడ్డతో పరిచయము చేసికొనెను. వాని బొమ్మలు, దుప్పటి, ఇంటి అలవాట్లు అన్నియు తెలిసికొనెను. తల్లి మాట దినదినము తలపెట్టెను. ఆ నలుగురును దిగులుపడిరి గాని కూలిపోలేదు. పదునేడు నెలల జాన్ అను బాలుడు మాత్రము తొమ్మిది దినములు ఒక శిశుగృహమున ఉంచబడెను. అచ్చటి దాదులు కఠినులు కారు, మంచివారే. కాని వేళలనుబట్టి మారుచుండిరి. జాన్ ఒక దాదిని పట్టుకొనును, ఆమె వేళ ముగియగానే పోవును. మరియొకతెను పట్టుకొనును, ఆమెయు పోవును. చివరకు ఒక పెద్ద బొమ్మను పట్టుకొని నేలపై పడియుండెను. తల్లి వచ్చినప్పుడు ఆమెనుండి ముఖము త్రిప్పుకొనెను. 1969 నాటి ఈ చిత్రమును చూచిన ఉపాధ్యాయులెవ్వరును మరువలేరు.

తల్లిదండ్రులు గ్రహింపవలసిన ముఖ్యవిషయ మిదియే. బిడ్డకు దయగలవారు పదిమంది యున్నంతమాత్రమున చాలదు; తనవారని పట్టుకొని యుండదగినవారు ఒక్కరైనను కావలెను. మన పల్లెలో బంధుబలగమునకు కొదువ లేదు. పొద్దుట పెదనాన్న ఇంట రొట్టె, మధ్యాహ్నము బడిలో భోజనము, సాయంకాలము మేనత్త ఇంట చాయ, రాత్రి అవ్వ గుడిసెలో పడక. చూచువారికి ‘అందరు చూచుకొనుచున్నారు’ అని తోచును. కాని ఆ బిడ్డ జ్వరముతో వణకునప్పుడు ఎవ్వరి తలుపు తట్టవలెను? చొక్కా చినిగినప్పుడు ఎవ్వరికి చెప్పవలెను? పది చేతులు పెట్టును గాని తల పెట్టుకొనుటకు ఒక్క ఒడి లేకుండును. పోవుటకు ముందు ఆ ఒక్కరు ఎవ్వరో నిర్ణయించి, బిడ్డ యెదుటనే ‘ఈ బిడ్డ నీకు అప్పగించినాము’ అని చెప్పుడు. పడక, అన్నము, స్నానము ఒకే ఇంట ఉండవలెను. అన్నదమ్ములను అక్కచెల్లెండ్రను తలకొక ఇంటికి పంచరాదు. తల్లిదండ్రులు లేని వేళ వారికి మిగిలిన ఇల్లు ఒకరికొకరే.

అవ్వకు శక్తి యున్నదో లేదో కూడ నిదానముగా చూడవలెను. ముగ్గురు కొడుకులును వలస పోయి, ఏడుగురు మనుమలను ఆమెకే విడిచిన ఇండ్లు కలవు. కన్ను మసకబారి, మోకాలు సహకరింపని ముసలిది ఏడుగురి వెంట ఎట్లు తిరుగును? అట్టిచోట అన్నదమ్ములలో ఒక జంట ఆ యేడు ఊర నిలిచి, తక్కినవారు తమ సంపాదనలో ఇంత వారికిచ్చుట న్యాయము. ఈ పద్ధతిని పాటించు కుటుంబములు మనలో కొన్ని గలవు. వారి పిల్లల హాజరు ఎట్లున్నదో మేము హాజరుపట్టీలో చూచుచున్నాము.

పోవు విధమునుగూర్చి ఒక మాట. లారీగాని టెంపోగాని తెల్లవారుజామున వచ్చును. బిడ్డ లేచినచో ఏడ్చునని నిద్రలో నుండగనే విడిచి పోవుట మనవారి అలవాటు. ఇది దయతో చేయు పనియే గాని బిడ్డకు దీనివలన కలుగు హాని ఏడుపుకంటె పెద్దది. నిద్రించి లేచునప్పటికి అమ్మ లేదు. కనుక నిద్ర నమ్మరానిదని బిడ్డ మనస్సున నాటుకొనును. అట్టి పిల్లలు అవ్వ చీరకొంగు పిడికిట పట్టుకొని పరుందురు, అర్ధరాత్రి లేచి తడవుకొందురు. కావున రెండుమూడు దినములకు ముందే చెప్పవలెను. ఎక్కడికి పోవుచున్నాము, ఎందులకు, ఎప్పుడు వత్తుము అనునవి మూడును చెప్పవలెను. చిన్నపిల్లలకు నెలల లెక్క తెలియదు, పండుగల లెక్క తెలియును. ఎళ్ళమావాస్య పోయి, సంక్రాంతి పోయి, శివరాత్రి పోయి, హోళికి వత్తుమని చెప్పినచో పిల్లవాడు వ్రేళ్లమీద లెక్కించుకొనును. వచ్చుట సందేహమైనచో హోళి యనక ఉగాది యనుడు. చెప్పిన పండుగకు రాకపోవుట కంటె ఆలస్యపు పండుగ చెప్పి ముందు వచ్చుట మేలు. ఏడ్చినచో ఏడ్వనిండు, ఎత్తుకొని, ఏడుపు చూచి పోవుట కష్టమే, అయినను ఎదుటనే పోవలెను.

ఎళ్ళమావాస్య మాట వచ్చినది కావున ఇదియు చెప్పుదుము. ఆ దినమున మన జిల్లాయంతయు చేలలోనే యుండును. సజ్జరొట్టెలు, భజ్జి, అంబలి మోసికొని ఊరికి ఊరే కదలును. ఊర నిలిచిన బిడ్డ తమ చేను తాళము వేసిన ఇల్లువలె ఉండగా పక్కవారి చేలలోని పొగను చూచుచు నిలుచును. ఆ దినమున ఇరుగుపొరుగువారు అట్టి బిడ్డలను పిలిచి తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొనవలెనని కోరుచున్నాము. పిలువక తానే వచ్చి నిలుచువానికి పెట్టిన రొట్టెయు, పిలిచి పెట్టిన రొట్టెయు ఒకటి కావు.

దూరవాణి నేడు ప్రతివారిచేతిలోను ఉన్నది. మా చిన్ననాట వలసపోయినవారి ఉత్తరము రెండు నెలలకొకటి వచ్చిన గొప్ప. ఈ సదుపాయమును మనము సరిగ వాడుకొనుట లేదు. ఎప్పుడు తోచిన అప్పుడు కాక, వారమునకు రెండు దినములు, ఒకే వేళకు పిలువవలెను. బిడ్డ ఆ వేళకై కాచుకొని యుండును. “మంచిగ చదువు, అవ్వను సతాయించకు” అని రెండు మాటలు చెప్పి ముగించుట చాలదు. నేడేమి తింటివి, బడిలో ఎవ్వరి పక్కన కూర్చుంటివి, మేక ఈనినదా అని అడుగుడు. అక్కడి సంగతులు కూడ చెప్పుడు: ఎన్నవ అంతస్తు వేయుచున్నాము, రాత్రి ఎక్కడ పరుందుము, నేడు కూర యేమి. తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారో ఊహింపగల బిడ్డ తక్కువ భయపడును. ఇక తాము లేని కొరత తీర్చుటకై పిల్లలకు పెద్ద ఫోను కొనిపెట్టి పోవుట మాత్రము మాకు సమ్మతము కాదు. అది అవ్వకు అర్థము కాని వస్తువు. రాత్రి పన్నెండు గంటలవరకు దుప్పటిక్రింద వెలుగుచుండును.

శరీరారోగ్యమునుగూర్చి ఎక్కువ చెప్పము. మధ్యాహ్నభోజనము బడిలో దొరకును. కాని ఆదివారములు, సెలవులు కలవు. సోమవారము పంక్తిలో మూడవసారి అన్నమడుగు బిడ్డనుబట్టి, ఆదివారము ఆ ఇంట పొయ్యి ఎన్నిసార్లు వెలిగెనో మేము ఊహింతుము. రేషను విషయములో ఒక సదుపాయమున్నది. తెలుగు రాష్ట్రములు రెండింటి నడుమను, గుజరాతు మహారాష్ట్రల నడుమను 2019 ఆగష్టులో ప్రారంభమయి, 2020 జనవరి 1 నుండి కర్ణాటకముతో సహా 12 రాష్ట్రములకు వ్యాపించిన ‘ఒకే దేశము, ఒకే రేషనుకార్డు’ పద్ధతిలో, కార్డులోని ధాన్యమును కొంత పనిచోటను కొంత ఊరిలోను తీసికొనవచ్చును. అంతయు అక్కడనే తీసికొనక బిడ్డల భాగము ఊర విడువవలెను. అందుకు ఊర నిలుచు పెద్దలలో ఒకరి పేరు ఆ కార్డులో ఉండవలెను. వారి వ్రేలిముద్ర యంత్రముమీద పడుచున్నదో లేదో పోకముందే చూచుకొనవలెను. జ్వరమునకు, పాముకాటునకు అక్కరకు వచ్చునట్లు అవ్వచేతిలో కొంత పైకము విడిగా ఉండవలెను. చివరకు డబ్బు పంపుదుమను మాట రాత్రివేళ ఆటోవానికి చెల్లదు.

ఆడపిల్లల సంగతి వేరుగ చెప్పక తప్పదు. తల్లి పోయిన ఇంట పదేండ్ల అక్క తల్లి యగును. తెల్లవారకముందు లేచును, నీళ్లు తెచ్చును, రొట్టె చేయును, తమ్మునికి తల దువ్వును, గంట మ్రోగిన తరువాత బడికి వచ్చును. ఆమెను ఆలస్యమునకు దండించి గుమ్మముకడ నిలుపు ఉపాధ్యాయుడు ఆ ఇంటి సంగతి ఎరుగనివాడని యనుకొందుము. ఆమె చేయు పనిని మెచ్చుకొనుటయు సగము అపాయమే. మెచ్చుకొన్న కొలది బరువు పెరుగును. మూడు నెలలలో ఆమె చదువు వెనుకబడును. మరుసటి యేడు ‘చదువు అబ్బలేదు’ అని మాన్పింతురు. ఆపై పెండ్లి. ‘వయసు వచ్చిన పిల్లను ఇంట విడిచి ఎట్లు పోదుము’ అను భయముతో ముడివేయువారు కొందరు. మహారాష్ట్రలో బీడు జిల్లా మొదలగు చోట్ల చెరకు కొట్టు భార్యాభర్తలను జంటగా ఒక ‘కోయతా’ యని లెక్కించి అడ్వాన్సు ఇత్తురు. ఒంటిగాడికి అడ్వాన్సు చిక్కుట కష్టము కావున అక్కడ పెండ్లిండ్లు త్వరపడుచున్నవి. మన పొలిమేరకు అది దూరము కాదు. పదునెనిమిది నిండని పిల్ల పెండ్లి 2006 నాటి చట్టము ప్రకారము నేరము; కర్ణాటకములో 2017లో అమలునకు వచ్చిన సవరణ ప్రకారము అట్టి పెండ్లి మొదటినుండియే చెల్లదు. భయము నిజమే, మేము కాదనము. దానికి విరుగుడు పిల్ల ఒంటరిగా పరుండకుండ ఒక పెద్ద ముత్తైదువ తోడుండుట. ఎవ్వరైనను, బంధువైనను, తగనివిధముగా చేయివేసినచో దాచక చెప్పవలెనని తల్లి ముందుగనే పిల్లతో మాటాడుట. 1098 సంఖ్యకు డబ్బు లేకుండ ఫోను చేసి సాయము కోరవచ్చునని పిల్లలందరికి తెలిసియుండవలెను.

వెంటబెట్టుకొని పోయిన బిడ్డల మాట. తల్లి ఒడి దొరకును, ఇది పెద్ద లాభము. నాలుగేండ్లలోపు వారిని వెంట తీసికొని పోవుటయే మేలని మా అభిప్రాయము. బడియీడు వారికి మాత్రము అక్కడ దుమ్మును, చెరకుతోటలో పాములును, కట్టడముల కడ గుంతలును తప్ప వేరు లేదు; బడి యెక్కడనో యుండును, ఉన్నను ఆ బడి భాష వేరు. హైదరాబాదున తెలుగు బడి దొరకును గాని పాఠ్యపుస్తకములు మనవి కావు, పూనాలో మరాఠీ. బొంబాయి నగరపాలక సంస్థ ఎనిమిది మాధ్యమములలో బడులు నడుపుచున్నది, వానిలో తెలుగు ఒకటి. అక్కడికి పోవువారు విచారించి చేర్పింపవచ్చును. భాష అడ్డు కాకూడదని పట్టుదల గలచోట దారి దొరకునని చూపుటకు ఒక నిదర్శనము కలదు. తెలంగాణమున ఇటుకబట్టీలలో పనిచేయుటకు ఒడిషానుండి వేలాది కుటుంబములు వచ్చుచుండును. 2017లో హైదరాబాదు చుట్టుప్రక్కల రాచకొండ పోలీసు అధికారులు పూనుకొని, స్వచ్ఛందసంస్థల సాయముతో బట్టీలవద్దనే ఆ పిల్లలకు ఒడియా భాషలో చదువు చెప్పు బడులు తెరిపించిరి. తెలుగునేలపై ఒడియా బడి! కన్నడనేలపై తెలుగు బడి నడుపుకొనుచున్న మనకు దీని విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినదియు 1956లోనే, అనగా మన జిల్లా ముక్కలైన యేటనే.

2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము వలస కుటుంబములకు మూడు విధముల అక్కరకు వచ్చును. బదిలీపత్రము లేదను కారణముతో మరియొక బడి ప్రవేశము నిరాకరింపరాదు. బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేకముగా బోధింపవలెను. వలస కుటుంబముల పిల్లలకు ప్రవేశము కల్పించుట స్థానిక ప్రభుత్వముల విధి. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఈ చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మాట నిజమే. కాని ఫాల్గుణములో తిరిగివచ్చిన మన బిడ్డను మన తరగతిలో కూర్చుండబెట్టుకొనుటకు ఒక చట్టము వచ్చి చెప్పవలెనా?

మహారాష్ట్రలో చెరకు కొట్టువారి పిల్లలకును, తెలుగు రాష్ట్రములలో పాలమూరు, నారాయణఖేడు, కర్నూలు జిల్లా పడమటి మండలముల పిల్లలకును వలస ఋతువులో మాత్రము నడుచు వసతిగృహములు ఏర్పాటు చేయుచు వచ్చిరి. కర్నూలు పడమటి మండలములనుండి గుంటూరు సీమకు మిరపకాయలు, ప్రత్తి ఏరుటకు పోవువారి పిల్లలు ఇట్టి చోట్ల నిలిచి చదువుకొనిరి. పదేండ్లు దాటినవారికి ఇది మంచి యేర్పాటు. తోడివారు ఉందురు, వేళకు అన్నము, వేళకు చదువు. ఎనిమిదేండ్లలోపు వారికి మాత్రము, జాన్ కథ విన్న పిమ్మట, వసతిగృహముకంటె అవ్వ గుడిసెయే మిన్న యని మేము తలంతుము. ఆ గుడిసె కురియుచున్నను సరే.

తిరిగి వచ్చిన దినమున ఏమి జరుగును? తల్లి క్రొత్తబట్టలతో, మిఠాయి పొట్లముతో దిగును. బిడ్డ అవ్వ వెనుక దాగును. తల్లి నొచ్చుకొని “నాకోసరమేనా ఇంత కష్టపడ్డది” అనును. కొందరు చేయి కూడ చేసికొందురు. ఆ విముఖత ద్వేషము కాదు. మరల పోవుదురేమో యని బిడ్డ తన్ను తాను కాచుకొనుట. వారము, పదిదినములు ఓపికపట్టినచో కరగును. కరగునప్పుడు గారాబము, మొండితనము, చీటికిమాటికి ఏడుపు వచ్చును. అది మంచి గుర్తు. ఆ దినములలో బిడ్డను అవ్వ కడనుండి ఒక్కసారిగ లాగుకొనరాదు. ఆ నాలుగు నెలలు తల్లి ఆమెయే గదా.

పోయినచోటును తెలియజేయుట ఎంత అవసరమో 2020లో మనమందరము చూచితిమి. మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిచిపోగా, తల్లిదండ్రులు ఏ ఊర, ఏ కట్టడమున చిక్కుకొనిరో ఊరిలోనివారికి తెలియని ఇండ్లెన్నియో. పిల్లలు బడి గోడకడకు వచ్చి అడిగినను చెప్పుటకు మాకడ చిరునామా లేకపోయెను. కావున పోవు ప్రతి కుటుంబమును, పోవుటకు ముందటి వారములో ఒకమారు పాఠశాలకు రాగోరుచున్నాము. కార్యాలయమున ఇందుకై ఒక పుస్తకము ఉంచుచున్నాము. బిడ్డ ఎవ్వరి ఇంట నుండును, ఆ ఒక్కరి పేరేమి, పోవు ఊరేది, తిరిగి వచ్చు పండుగ ఏది అనునవి వ్రాయింపవలెను. మీ ఫోను సంఖ్యతోపాటు మేస్త్రీదిగాని ముకద్దముదిగాని సంఖ్య కూడ వ్రాయించుడు. చెరకుతోటలో మీ ఫోనునకు చార్జి లేక ఆగిపోయినను వారిది మ్రోగును. వచ్చునప్పుడు బిడ్డను, అప్పగింత తీసికొనువారిని వెంటబెట్టుకొని రండు. అవ్వ నడువలేనిచో చెప్పుడు, మేమే ఇంటికి వత్తుము. సాయంకాలము ఆరు గంటలవరకు మాలో ఒకరు పాఠశాలలో నుందుము. ఆదివారము తెల్లవారుజామున లారీ ఎక్కవలసినవారు శనివారము రాత్రి వచ్చినను పుస్తకము తెరచి వ్రాసికొందుము.